అరణ్యపర్వ సంధి: శైలీ పరిశోధనలో రెండు సగటుల పోలిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కవుల శైలీ భేదాలను పదాల లెక్కలతో, శాతాలతో, సగటులతో నిరూపించే పద్ధతి తెలుగు పరిశోధనలో స్థిరపడింది. రెండు సగటుల మధ్య కనిపించే తేడా నిజమైన శైలీ భేదమా, కేవలం ఎంపికలోని యాదృచ్ఛికతా అన్నది తేల్చడానికి సంఖ్యాశాస్త్రంలో పరికల్పన పరీక్షలు ఉన్నాయి. ఆంధ్రమహాభారత అరణ్యపర్వంలో నన్నయ రచన ముగిసి ఎఱ్ఱన రచన మొదలయ్యే సంధిని ఆధారంగా చేసుకొని, ఈ పరీక్షలు ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలవో, ఏ ప్రశ్నకు చెప్పలేవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లెక్కకు ప్రమాణం ఏది, పోలిక దేనితో అన్నవి సాహిత్య వివేచనతో ముందుగా నిర్ణయం కానిదే ఏ పరీక్షా ఫలితానికీ అర్థం ఉండదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అరణ్యపర్వం, నన్నయ, ఎఱ్ఱన, శైలీశాస్త్రం, సగటు, పరికల్పన పరీక్ష, ప్రస్తారం, తత్సమం.

1. ఉపోద్ఘాతం:

రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని ఆస్థానాన 11వ శతాబ్దిలో నన్నయ ప్రారంభించిన ఆంధ్రమహాభారతం ఆది, సభా పర్వాలు దాటి అరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో 142వ పద్యం దగ్గర, శరద్రాత్రి వర్ణన నడుమ నిలిచిపోయింది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రచించాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. అదీ తన ప్రభువు పేర కాక, రాజరాజ నరేంద్రునికే అంకితంగా, నన్నయ రచన కొనసాగుతున్నట్లుగానే పూరించాడు. సుమారు మూడు వందల ఏళ్ల ఎడంతో ఇద్దరు కవులు ఒకే పర్వంలో, ఒకే ఆశ్వాసంలో, ఒకే ఋతువర్ణనలో కలిసిన చోటు ఇది.

శైలీ పరిశోధకునికి ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు. సంధి ఎక్కడ ఉన్నదో సంప్రదాయం చెబుతున్నది. రెండు వైపులా పద్యాలు సమృద్ధిగా ఉన్నాయి. కథామూలం ఒక్కటే, అంకితం ఒక్కరికే. ఈ అనుకూలత వల్లనే నన్నయ, ఎఱ్ఱనల పదజాలాన్ని లెక్కించి, సగటులు తీసి, పట్టికలు వేసి, "కనుక శైలీ భేదం స్పష్టం" అని తీర్మానించడం సులభంగా తోస్తుంది. ఆ "కనుక" ఎంత బరువు మోయగలదన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

2. సంప్రదాయ వాదంలోని మూడు ప్రశ్నలు:

అరణ్యపర్వం గురించి సాహిత్య చరిత్రలు, తరగతి పాఠాలు సాధారణంగా మూడు మాటలు చెబుతాయి. నన్నయలో సంస్కృత పదబంధం హెచ్చు, తరువాతి వారిలో తెలుగు నుడి హెచ్చు అన్నది మొదటిది. ఎఱ్ఱన నన్నయ శైలిని అనుసరించి సంధి తెలియకుండా రచించాడన్నది రెండవది. ఎఱ్ఱన శేషభాగం నన్నయలా మొదలై పోనుపోను తిక్కన శైలికి చేరువై, రెండు ఒడ్డులకూ వంతెన అయిందన్నది మూడవది.

ఈ మూడింటినీ ఒకే ఊపిరిలో చెప్పడం అలవాటైంది కాని, సంఖ్యాపరంగా ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది రెండు వర్గాల సగటుల మధ్య తేడా ఉన్నదనే వాదం. రెండవది తేడా లేదనే వాదం. మూడవది ఒకే వర్గం లోపల క్రమంగా మార్పు జరిగిందనే వాదం. మొదటి రెండూ ఏకకాలంలో ఒకే లక్షణం విషయంలో సత్యం కాలేవు. మూడవదానికి రెండు సగటుల పోలిక అసలు సరిపోదు. ఎఱ్ఱన శేషభాగమంతటినీ ఒక్క సగటులో కలిపివేస్తే ఆ వంతెన ఈవలి ఒడ్డూ ఆవలి ఒడ్డూ కలిసిపోయి, నడిమి స్తంభం ఒక్కటే మిగులుతుంది. అక్కడ కావలసింది పద్యం స్థానం పెరిగేకొద్దీ లక్షణం ఎటు వాలుతున్నదో చూపే పద్ధతి. కాబట్టి పరీక్షను ఎంచుకోవడానికి ముందే పరిశోధకుడు ఈ మూడింటిలో దేనిని పరీక్షిస్తున్నాడో తేల్చుకోవలసి ఉంది.

3. పరీక్ష అడిగే ప్రశ్న:

సగటుల పరీక్షకు ఆధునిక రూపం 1908లో వచ్చింది. డబ్లిన్ నగరంలోని గిన్నెస్ మద్య కర్మాగారంలో పనిచేసిన విలియం గోసెట్, "స్టూడెంట్" అనే మారుపేరుతో, చిన్న నమూనాల సగటులను నమ్మదగిన రీతిలో అంచనా వేసే మార్గాన్ని ప్రచురించాడు. దాని నుంచి రూపొందిందే టి-పరీక్ష. దాని తర్కం సరళం. రెండు సగటుల తేడాను లవంలో ఉంచి, ఆ తేడాలో సహజంగా ఉండే ఊగిసలాటను, అంటే ప్రామాణిక దోషాన్ని, హారంలో ఉంచుతారు. ఊగిసలాటతో పోలిస్తే తేడా ఎన్ని రెట్లు ఉన్నదో ఆ భాగఫలం చెబుతుంది.

ఇదే తర్కాన్ని తెలుగు పరిశోధకులకు సుపరిచితమైన ప్రస్తార భావనతో మరింత స్పష్టంగా గ్రహించవచ్చు. ఛందశ్శాస్త్రంలో ప్రస్తారమంటే గురులఘువులు ఎన్ని విధాలుగా అమరగలవో అన్నింటినీ వరుసగా రాసి చూడటం. సంఖ్యాశాస్త్రంలోనూ అటువంటి పరీక్ష ఒకటి ఉంది. అయిదు నన్నయ పద్యాలు, అయిదు ఎఱ్ఱన పద్యాలు తీసుకున్నారని అనుకుందాం. కవుల పేర్లు చెరిపివేసి, ఆ పది పద్యాలను అయిదేసి చొప్పున రెండు గుంపులుగా ఎన్ని విధాల విభజించవచ్చో లెక్కిస్తే 252 వస్తుంది. ప్రతి విభజనకూ సగటుల తేడా కట్టాలి. వాస్తవమైన కవి విభజన ఇచ్చిన తేడా ఆ 252 తేడాలలో ఎక్కడ నిలిచిందో చూడాలి. అన్నిటికంటే పెద్ద తేడా అదే అయితే, రెండు దిశలనూ లెక్కలోకి తీసుకున్నప్పుడు అటువంటి తేడా పేర్ల అమరిక వల్లనే వచ్చే అవకాశం 252లో 2, అంటే సుమారు 0.008. దీనినే పి-విలువ అంటారు. కవి భేదం లెక్కలోకి రాదు అనే ప్రతిపాదనను శూన్య పరికల్పన అంటారు. పి-విలువ చాలా తక్కువగా ఉంటే ఆ శూన్య పరికల్పనను నిలబెట్టుకోవడం కష్టమవుతుంది.

ఈ లెక్క వెంటనే ఒక హెచ్చరికను ఇస్తుంది. శైలీ వ్యాసాలలో తరచుగా కవికి మూడేసి పద్యాలను ఉదాహరించి పోల్చడం కద్దు. మూడేసి పద్యాలకు సాధ్యమైన విభజనలు 20 మాత్రమే. నన్నయ మూడు పద్యాలలోని తత్సమాల శాతం ఎఱ్ఱన మూడు పద్యాలలోని శాతం కంటే పూర్తిగా పైనే ఉన్నా, పి-విలువ 20లో 2, అంటే 0.10 కంటే తగ్గదు. ఆనవాయితీగా వాడే 0.05 హద్దును దాటడం అక్కడ అసాధ్యం. ఉదాహరణలు ఎంత చక్కగా కుదిరినా, మూడేసి పద్యాలు శైలీ భేదానికి దృష్టాంతాలు కాగలవు గాని నిరూపణ కాలేవు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. అరణ్యపర్వం మొత్తం చేతిలోనే ఉండగా నమూనాలు, పరీక్షలు ఎందుకు? అన్ని పద్యాలనూ లెక్కించి సగటు తీస్తే ఆ తేడా వాస్తవమే కదా? వాస్తవమే. కాని అది ఆ పాఠాన్ని గురించిన వాస్తవం, కవి స్వభావాన్ని గురించినది కాదు. ఏ గ్రంథాన్ని ఎక్కడ రెండుగా చీల్చినా రెండు సగటులు అచ్చంగా సమానం కావు. ఈ చీలిక దగ్గర వచ్చిన తేడా, అర్థం లేని చీలికల దగ్గర వచ్చే తేడాల కంటే గణనీయంగా ఎక్కువా అన్నదే అసలు ప్రశ్న. మొత్తం గ్రంథం చేతిలో ఉన్నా ఈ ప్రశ్న తొలగిపోదు.

4. లెక్కకు ప్రమాణం: పదమా, పద్యమా, ఉపాఖ్యానమా?

శైలీ పరిశోధనలో అన్నిటికంటే ఎక్కువ దోషం జరిగే చోటు ఇదే. నూరు పద్యాలు, పద్యానికి సుమారు ఇరవై పదాలు అనుకుంటే రెండు వేల పదాలవుతాయి. పరిశోధకుడు రెండు వేలను నమూనా పరిమాణంగా చూపితే పరీక్ష ఫలితం ఘనంగా కనిపిస్తుంది. అయితే ఆ రెండు వేల పదాలూ పరస్పరం స్వతంత్రమైనవి కావు. ఒక పద్యం దీర్ఘ సమాసంతో ఎత్తుకుంటే అందులోని పదాలన్నీ ఆ ఎత్తుగడకు లోబడే నడుస్తాయి. ఒక చోట తత్సమం పడితే పక్కన తత్సమం పడే అవకాశం పెరుగుతుంది.

ఈ పరస్పర సాదృశ్యానికి ఒక సామాన్య సూత్రం ఉంది. గుంపు పరిమాణం నుంచి ఒకటి తీసివేసి, దానిని గుంపులోని సాదృశ్య గుణకంతో గుణించి, ఒకటి కలిపితే నమూనా ఎన్ని రెట్లు బలహీనపడిందో తెలుస్తుంది. పద్యానికి 20 పదాలు, సాదృశ్య గుణకం 0.1 అనుకుంటే ఆ విలువ 2.9 అవుతుంది. అంటే 2000 పదాలు సుమారు 690 స్వతంత్ర పదాలతో సమానం. అమాయకంగా కట్టిన లెక్కలో 2.6గా వచ్చిన టి-విలువ ఈ సవరణతో సుమారు 1.5కి పడిపోతుంది. మొదటిది "సార్థకం" అనిపించుకుంటుంది, రెండవది అనిపించుకోదు. ఒకే దత్తాంశం, ఒకే కవులు. మారినది ప్రమాణం మాత్రమే. పదాలను లెక్కించినా, పరీక్షకు మాత్రం పద్యాన్నే ప్రమాణంగా తీసుకోవాలనడానికి ఇదే కారణం.

పద్యం దగ్గరైనా ఆగగలమా అన్నది మరో ప్రశ్న. పక్కపక్క పద్యాలు ఒకే ఘట్టానికి చెందినవి. నలోపాఖ్యానంలో దమయంతి విలాపం సాగుతున్నంత సేపు పదజాలం ఒక రసానికి కట్టుబడి ఉంటుంది. ఈ దృష్టితో చూస్తే ఉపాఖ్యానమే న్యాయమైన ప్రమాణం. నన్నయ వైపు కిరాతార్జునీయం, నలోపాఖ్యానం, అగస్త్యోపాఖ్యానం, ఋష్యశృంగోపాఖ్యానం. ఎఱ్ఱన వైపు ధర్మవ్యాధోపాఖ్యానం, ఘోషయాత్ర, రామోపాఖ్యానం, సావిత్రీ ఉపాఖ్యానం. ఇలా నాలుగేసి ఘట్టాలు తీసుకుంటే సాధ్యమైన విభజనలు 70. నన్నయ ఘట్టాల సగటులు నాలుగూ ఎఱ్ఱన ఘట్టాల సగటుల కంటే పైన నిలిచినప్పుడే పి-విలువ 70లో 2, అంటే సుమారు 0.029 అవుతుంది. ఒక్క ఘట్టం తారుమారైనా 0.05 హద్దు దాటడం సందేహమే. వేల పదాల ధీమా ఎనిమిది ఘట్టాల దగ్గర ఇంతగా తగ్గిపోతుంది. ఇది నిరాశ కలిగించే విషయం కాదు. సాక్ష్యం వాస్తవంగా ఎంత ఉన్నదో తెలియజెప్పే విషయం.

5. పదమంటే ఏది? తత్సమమంటే ఏది?

సగటు కట్టడానికి ముందు లెక్కించే వస్తువు స్థిరపడాలి. తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాలుగా పదాలను విభజించడం వ్యాకరణ సంప్రదాయం. లెక్కకు దిగినప్పుడు ఈ విభజనలోని చిక్కులు బయటపడతాయి. ఎనిమిది పదాల సంస్కృత సమాసాన్ని ఒక పదంగా లెక్కించాలా, ఎనిమిదిగా లెక్కించాలా? ఒకటిగా లెక్కిస్తే సమాస ప్రియుడైన కవిలో తత్సమాల శాతం తగ్గినట్లు కనిపిస్తుంది. ఎనిమిదిగా లెక్కిస్తే అమాంతం పెరుగుతుంది. తేడా ఎంత అన్నదే కాదు, ఏ దిశలో ఉన్నదన్నది కూడా ఈ నిర్ణయం మీద ఆధారపడవచ్చు. యుధిష్ఠిరుడు, ధనంజయుడు, కృష్ణ వంటి నామాలు కథ విధించినవి, కవి ఎన్నుకున్నవి కావు. వాటిని లెక్కలో చేర్చితే పాత్రలు ఎక్కువగా ఉన్న ఘట్టం సంస్కృతమయంగా తోస్తుంది. తత్సమ ప్రాతిపదికకు తెలుగు విభక్తి చేరినప్పుడు, సంస్కృత ధాతువుకు "ఇంచుక్" చేరి క్రియ అయినప్పుడు ఆ పదాన్ని ఏ గడిలో వేయాలన్నది కూడా ముందుగా తేలాలి.

ఈ నియమాలు ఏవైనా కావచ్చు. కాని అవి లెక్కకు ముందు రాసిపెట్టినవై ఉండాలి. పట్టిక చూసిన తరువాత నియమం మార్చితే అది పరీక్ష కాదు. మరొక జాగ్రత్త కూడా అవసరం. వర్గీకరించే వ్యక్తికి పద్యం ఎవరిదో తెలియకూడదు. తెలుగు పండితునికి ప్రసిద్ధ పద్యాల విషయంలో ఇది పూర్తిగా సాధ్యం కాదు. అయినా ఆశ్వాస సంఖ్యలు తీసివేసి, పద్యాలను కలగలిపి, ఇద్దరు వేర్వేరు వ్యక్తులతో వర్గీకరింపజేసి, వారి ఏకీభావాన్ని కొలవడం సాధ్యమే. అటువంటి కొలతకు జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా గుణకం అందుబాటులో ఉంది. ఇద్దరు లెక్కించేవారి మధ్య తేడా ఇద్దరు కవుల మధ్య తేడా అంత ఉంటే, కొలిచింది కవులను కాదని అర్థం.

6. దేనితో దేనిని పోల్చాలి?

ఛందస్సు శైలికి వెలుపలి తొడుగు కాదు. శార్దూల, మత్తేభాలు ధార గల సంస్కృత సమాసాలను సులభంగా ఇముడ్చుకుంటాయి. కందం, తేటగీతి, ఆటవెలది తెలుగు నుడికారానికి చోటిస్తాయి. ఒక కవి భాగంలో వృత్తాలు, మరొకరి భాగంలో జాత్యుపజాతులు ఎక్కువైతే, ఛందస్సును విస్మరించి తీసిన సగటు కవి పదప్రీతిని కాక ఛందస్సుల పాళ్లను కొలుస్తుంది. కాబట్టి కందాన్ని కందంతో, చంపకమాలను చంపకమాలతో పోల్చి, ఆ తేడాలను తరువాత కలపాలి. వచనాన్ని విడిగా చూడాలి.

వస్తువు విషయమూ అటువంటిదే. కిరాతార్జునీయంలోని యుద్ధాన్ని సావిత్రీ యమ సంవాదంతో పోల్చి వచ్చిన తేడాను కవుల తేడాగా చెప్పడం న్యాయం కాదు. వర్ణనను వర్ణనతో, సంవాదాన్ని సంవాదంతో జతచేయాలి. శరద్వర్ణన సంధికి ఇరువైపులా వ్యాపించి ఉండటం ఇందుకు గొప్ప అనుకూలత. వస్తువు ఒకటే, కవి మాత్రం మారాడు.

ఇంత జతచేసినా ఒక ముడి విడదు. నన్నయకూ ఎఱ్ఱనకూ నడుమ సుమారు మూడు శతాబ్దాల భాషా పరిణామం ఉంది, తిక్కన భారతం ఉంది. సగటులలో తేడా తేలినా అది వ్యక్తి భేదమా, కాల భేదమా, బుద్ధిపూర్వక అనుకరణలో మిగిలిన లోపమా అన్నది పరీక్ష చెప్పదు. అంతేకాదు, "నన్నయ భాగం" అనే పేరే ఒక ఊహను మోస్తున్నది. భారత రచనలో నారాయణభట్టు తనకు తోడ్పడినట్లు నన్నయే అవతారికలో చెప్పాడు. ఆ నారాయణభట్టుకు రాజరాజ నరేంద్రుడు నేటి కోనసీమలోని నందంపూడిని అగ్రహారంగా ఇచ్చిన శాసనం ప్రసిద్ధం. తోడ్పాటు స్వరూపం ఎటువంటిదైనా, ఒక వర్గానికి తగిలించిన కవి నామం నిర్వివాదమైన ఏకకర్తృత్వాన్ని సూచిస్తుందని పరిశోధకుడు ముందే అనుకోరాదు.

7. కల్పిత సంధుల పరీక్ష:

పై చిక్కులను అధిగమించడానికి అరణ్యపర్వ నిర్మాణమే ఒక ఉపాయాన్ని అందిస్తున్నది. 142వ పద్యం దగ్గరి సంధిలో కనిపించే తేడాను, కవి మారలేదని తెలిసిన చోట్లలోని తేడాలతో పోల్చాలి. నన్నయ రచనలోనే ప్రథమ, ద్వితీయాశ్వాసాల నడుమ, ద్వితీయ, తృతీయాశ్వాసాల నడుమ. ఎఱ్ఱన రచనలోనే పంచమ, షష్ఠాశ్వాసాల నడుమ, షష్ఠ, సప్తమాశ్వాసాల నడుమ కల్పిత సంధులు పెట్టి, ప్రతిచోటా అదే లక్షణానికి, అదే నియమాలతో సగటుల తేడా కట్టాలి.

నన్నయ తనతో తాను విభేదించినంతగానే ఎఱ్ఱనతోనూ విభేదిస్తే, ఆ లక్షణం కవిని గుర్తించడానికి పనికిరాదు. అసలు సంధి దగ్గరి తేడా కల్పిత సంధుల తేడాలన్నిటినీ మించి నిలిస్తే అప్పుడు చెప్పుకోదగిన సాక్ష్యం దొరికినట్లు. తెలుగు శైలీ పరిశోధనలో "ఇద్దరి మధ్య తేడా ఎంత?" అన్న ప్రశ్న వినిపించినంతగా "ఒక్కరిలోనే తేడా ఎంత?" అన్న ప్రశ్న వినిపించదు. రెండవదానికి జవాబు లేనిదే మొదటిదానికి జవాబు లేదు.

ఏ లక్షణాన్ని ఎన్నుకోవాలన్నది దీనికి అనుబంధమైన ప్రశ్న. అమెరికాలోని ఫెడరలిస్ట్ వ్యాసాలలో వివాదాస్పదమైన పన్నెండింటి కర్తృత్వాన్ని ఫ్రెడరిక్ మోస్టెలర్, డేవిడ్ వాలెస్ 1964లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. వారు ఆధారపడింది ఘనమైన పదాల మీద కాదు, రచయిత గమనించకుండా వాడే చిన్న పదాల మీద. అనుకరించే కవి ప్రస్ఫుటమైన లక్షణాలను అనుకరిస్తాడు. నన్నయ సమాస ఫణితిని ఎఱ్ఱన పట్టుకోగలడు. "అంత", "మఱియు", "కావున", "ఇట్లు" వంటి పలుకుల పౌనఃపున్యాన్ని పట్టుకోవడం కష్టం. అయితే తెలుగులో ఈ పనిని ప్రత్యయాలు కూడా చేస్తాయి. పద్యంలో యతిప్రాసలు వాటి మీదా ఒత్తిడి తెస్తాయి. కనుక ఆంగ్ల వచనానికి ఏర్పడిన జాబితాలను యథాతథంగా దించుకోక, తెలుగు పద్యానికి తగిన జాబితాను ఇక్కడి వారే తయారుచేసుకోవాలి.

లక్షణాలు అనేకమైనప్పుడు వాటిని విడివిడిగా కాక కలిపి పరీక్షించే మార్గమూ ఉంది. మహలనోబిస్ రూపొందించిన దూరమానాన్ని విస్తరించి, అనేక కొలతల ఆధారంగా వర్గాలను వేరుచేసే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ప్రముఖుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1948 నాటి పత్రం జీవశాస్త్ర వర్గీకరణకు ఉద్దేశించింది. పద్యాల వర్గీకరణకూ ఆ తర్కం వర్తిస్తుంది.

8. ఫలితాన్ని చదవడం:

పరీక్ష పూర్తయ్యాక కూడా నాలుగు పొరపాట్లకు అవకాశం ఉంది.

మొదటిది, సార్థకతను ప్రాముఖ్యంగా భావించడం. కవికి వెయ్యేసి పద్యాలు, తత్సమాల శాతంలో ప్రామాణిక విచలనం 15 అనుకుందాం. సగటులలో కేవలం 2 శాతం తేడా ఉన్నా టి-విలువ సుమారు 3 వస్తుంది. పట్టికలో అది ఘనంగా సార్థకం. ఇరవై పదాల పద్యంలో 2 శాతమంటే సగం పదం కూడా కాదు. ఏ పాఠకుని చెవికీ అందని తేడాను శైలీ భేదమని పిలవడం సమంజసం కాదు. కాబట్టి పి-విలువతో పాటు తేడా పరిమాణాన్ని, దాని విశ్వాస అంతరాన్ని తప్పక ఇవ్వాలి.

రెండవది, తేడా తేలకపోవడాన్ని సమానత్వంగా భావించడం. ఎఱ్ఱన నన్నయను సంధి తెలియకుండా అనుసరించాడనే వాదానికి "పి-విలువ 0.05 కంటే ఎక్కువ" అన్న వాక్యం మద్దతు కాదు. తక్కువ పద్యాలు తీసుకుంటే ఏ ఇద్దరు కవుల మధ్యా తేడా తేలదు. సమానత్వాన్ని వాదించదలచినవారు, ఎంత లోపు తేడాను తేడాగా ఎంచనవసరం లేదో ముందే ప్రకటించి, అసలు తేడా ఆ హద్దుల లోపలే ఉన్నదని చూపాలి.

మూడవది, అనేక లక్షణాలను పరీక్షించి కలిసివచ్చిన దానిని మాత్రమే ప్రచురించడం. పరస్పరం స్వతంత్రమైన ఇరవై లక్షణాలను 0.05 హద్దుతో పరీక్షిస్తే, ఏ భేదమూ లేకపోయినా కనీసం ఒక్కటైనా సార్థకంగా కనిపించే అవకాశం సుమారు 64 శాతం. పరీక్షించిన లక్షణాలన్నిటినీ పేర్కొనడం, హద్దును తదనుగుణంగా బిగించడం పరిశోధకుని ధర్మం.

నాలుగవది, పి-విలువను కర్తృత్వ సంభావ్యతగా చదవడం. పి-విలువ 0.03 అంటే ఈ పద్యాలు వేరొక కవివి కావడానికి 97 శాతం అవకాశం ఉన్నదని అర్థం కాదు. పరికల్పన సత్యమయ్యే సంభావ్యతను పి-విలువ కొలవదని అమెరికన్ సంఖ్యాశాస్త్ర సంఘం 2016లో ప్రత్యేక ప్రకటనలో స్పష్టం చేసింది.

వీటన్నిటికీ మించి సగటు అనే భావనలోనే ఒక పరిమితి ఉంది. ఒక కవి ఒక పద్యాన్ని ఆద్యంతం సంస్కృత సమాసంతో నింపి, మరుపద్యాన్ని అచ్చమైన తెలుగు పలుకుబడితో నడపవచ్చు. మరొక కవి ప్రతి పద్యంలోనూ రెండింటినీ సరిపాళ్లలో కలపవచ్చు. ఇద్దరి సగటూ ఒక్కటే కావచ్చు, శైలులు మాత్రం పూర్తిగా వేరు. మొదటివారిది ఎత్తుపల్లాల నడక, రెండవవారిది సమతల గమనం. సగటులు సమానమని తేల్చే పరీక్ష ఈ భేదాన్ని చూడలేదు. దానిని చూడాలంటే విచలనాలను పోల్చాలి. అంతకుముందు పద్యాలను చదివి, భేదం ఎక్కడ ఉన్నదో పసిగట్టిన విమర్శకుడు కావాలి.

9. ముగింపు:

రెండు సగటుల పోలిక తెలుగు శైలీ విమర్శకు పరాయి పనిముట్టు కాదు. నన్నయలో సంస్కృతం హెచ్చు అన్న సాదా వాక్యమే ఒక సగటుల పోలిక. పరికల్పన పరీక్ష ఆ వాక్యానికి బాధ్యత నేర్పుతుంది. ఎన్నింటిని లెక్కించారు, దేనిని ప్రమాణంగా తీసుకున్నారు, ఒకే కవిలోని ఊగిసలాట ఎంత అని నిలదీస్తుంది. ఆ నిలదీతకు సిద్ధం కాని పట్టిక, అంకెలు ఎన్ని ఉన్నా, అభిప్రాయంగానే మిగులుతుంది.

అరణ్యపర్వ సంధి విషయంలో ఈ పరిశీలన సూచించే కార్యక్రమం ఇది: పద నిర్వచనాన్ని, పరీక్షించే లక్షణాలను ముందే ప్రకటించాలి, ఛందస్సు, వస్తువు జతపరచాలి, పద్యాన్ని, వీలైతే ఉపాఖ్యానాన్ని ప్రమాణంగా తీసుకోవాలి, కల్పిత సంధులతో సరిచూడాలి, తేడా పరిమాణాన్ని పి-విలువతో సమానంగా నివేదించాలి. విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథాలలో పట్టికలతో పాటు లెక్కకు మూలమైన పద్యాల వర్గీకరణను కూడా అనుబంధంగా కోరితే, తరువాతి పరిశోధకుడు దానిని మళ్లీ సరిచూడగలుగుతాడు.

ఎఱ్ఱన సంధి కనపడకుండా అతకాలని కోరుకున్న కవి. ఆ అతుకు నేడు లెక్కకు దొరికితే అది ఆయన ఓటమి కాదు, దొరకకపోతే అది పరిశోధన ఓటమీ కాదు. సంధి దొరికిందని గాని, దొరకలేదని గాని చెప్పడానికి కావలసినంత సాక్ష్యం చేతిలో ఉన్నదా అన్నదే పరిశోధకుడు ముందుగా తేల్చవలసిన విషయం.